పిల్లల బడి - పెద్దల ఎంపిక : కొంత పూర్వచరిత్ర

మే నెల వచ్చిందంటే మన ఇళ్ళల్లో ఒకటే తర్జనభర్జన. పిల్లవాణ్ణి ఉర్దూ బడిలో ఉంచుదామా, తెలుగు మీడియంలో వేద్దామా, అప్పో సప్పో చేసి కాన్వెంటుకు పంపుదామా అని. ఉర్దూ బడిలో పాఠాలు చెప్పే మాకూ ఇంటికొస్తే ఇదే చర్చ. అయితే ఇది నిన్నమొన్నటి ప్రశ్న కాదు.

మన పల్నాడు కృష్ణకు ఈవలి ఒడ్డు. ఏటికి ఆవల నైజాం ఇలాకాలో ఉర్దూ సర్కారు భాష. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించి పై చదువులు సైతం ఉర్దూలోనే చెప్పించారు. ఈవల మద్రాసు రాజధాని. కచేరీ కొలువుకు ఇంగ్లీషు, ఊరి వ్యవహారానికి తెలుగు. ఇంటి భాష వేరు, అన్నం పెట్టే భాష వేరు అన్న చిక్కు మన తాతల నాటి నుంచీ ఉన్నదే. మన నూర్‌బాషా సోదరుల్లో చాలామందికి ఇంటి భాషే తెలుగు. వారు ఉర్దూ బడికి రాలేదని ఎత్తిపొడవడం న్యాయం కాదు.

సర్కారు సొమ్ముతో ఇతరులు బడి నడపడం 1854 నాటి ఉడ్ డిస్పాచ్ తర్వాత మన దేశంలో స్థిరపడింది. ఎయిడెడ్ బడి అంటే అదే. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 1991లో చట్టం చేసి, మరుసటి ఏడు మొదటి చార్టర్ స్కూలు తెరిచింది. ఫీజు లేదు, సొమ్ము ప్రభుత్వానిది, నడిపేది విడి సంస్థ, చేర్చేది తల్లిదండ్రుల ఇష్టం. మనకిది మరీ వింతగా తోచదు. 1972లో మన పాత గుంటూరు జిల్లా తాడికొండలో రెసిడెన్షియల్ పాఠశాల వచ్చింది. అదీ ప్రభుత్వ ఖర్చుతో నడిచేదే. కాకపోతే ప్రవేశ పరీక్ష ఉండేది గనుక, అక్కడ మనం బడిని ఎంచుకోవడం కాదు, బడే పిల్లవాణ్ణి ఎంచుకునేది!

మనకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి 1949 ఆగస్టుది. రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క తేల్చింది. బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలుంటే ప్రాథమిక దశలో మాతృభాషలో చెప్పే ఏర్పాటు చేయాలన్నారు. 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరి, ఆ బాధ్యత రాష్ట్రాలపై పెట్టింది. అంటే హక్కు ఉంది గాని, దానికి తలల లెక్క ఉంది.

ఇక 2019 నవంబరులో సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేయాలని జీవో వచ్చింది. అందులో తెలుగు గాని ఉర్దూ గాని తప్పనిసరి సబ్జెక్టు అన్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ వెంటనే తల్లిదండ్రుల ఇష్టాన్ని కాగితం మీద తీసుకున్నారు. తెలుగు తప్పనిసరిగా ఉండే ఇంగ్లీషు మీడియం, తెలుగు మీడియం, ఇతర భాషా మీడియం అని మూడు గళ్ళు. నూటికి 96 మందికి పైగా మొదటిదే కోరారు. ఇతర భాషలన్నీ కలిపి ఒక్క శాతం కూడా రాలేదు.

మనవాళ్ళు ఇంగ్లీషు కోరితే తప్పు పట్టం. మా పిల్లలకూ అది కావాల్సిందే. కాని మనకు కావలసినది నాలుగో గడి. ఇంగ్లీషులో చదువు, పక్కన ఉర్దూ ఒక సబ్జెక్టు. అది ఆ మూడింటిలో లేదు. లేని గడిలో టిక్కు ఎట్లా పెడతాం?

2020 జనవరి నాటి అమ్మఒడిలోనూ, 2025లో వచ్చిన తల్లికి వందనంలోనూ సొమ్ము పడేది తల్లి ఖాతాలోనే, బిడ్డ సర్కారు బడిలో ఉన్నా ప్రైవేటు బడిలో ఉన్నా. కనుక బడి ఎంపికలో అమ్మీల మాటకు ఇప్పుడు బరువుంది. చేర్చే ముందు ఉర్దూ చెప్పే టీచరున్నారా అని అడగండి. లేకుంటే పదిమంది కలిసి ఒక దరఖాస్తు రాసి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఇంకొకటి. అడ్మిషన్ రిజిస్టరులో 'మాతృభాష' అనే గడి ఉంటుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ కూడా తొందరలో అక్కడ తెలుగు అని రాయించేస్తున్నాం. అట్లా రాయిస్తే ఆ పదిమంది ఏ లెక్కలోనూ కనబడరు.