ప్రోగ్రాము నుంచి పాఠ్యఫైలుకు: సెండ్‌మెయిల్ కాన్ఫిగరేషన్ చరిత్ర – ఒక పరిశీలన

సర్వర్‌ను కమాండ్ లైన్ నుంచి ప్రారంభిస్తూ అది చదవవలసిన కాన్ఫిగరేషన్ ఫైలు పేరును పేర్కొనడం నేటి నిర్వాహకులకు అతి సామాన్యమైన పని. అయితే ప్రోగ్రాము ఒకచోట, దాని నడవడిని నిర్దేశించే పాఠం మరొకచోట ఉండటం అన్ని ప్రోగ్రాములకూ మొదటినుంచీ ఉన్న ఏర్పాటు కాదు. ఈ విభజన ఎందుకు అవసరమైందో గ్రహించడానికి సెండ్‌మెయిల్ చరిత్ర మంచి ఆధారం.

1970ల చివర బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్మన్ 'డెలివర్‌మెయిల్' అనే ప్రోగ్రామును రాశారు. అర్పానెట్, బర్క్‌నెట్, యూయూసీపీ వంటి వేర్వేరు వ్యవస్థల మధ్య ఉత్తరాలను చేరవేయడం దాని పని. ఏ చిరునామాను ఏ దారిన పంపాలన్న నియమాలు ప్రోగ్రాములోనే కంపైలై ఉండేవి. అందువల్ల నెట్‌వర్క్ అమరిక మారితే ప్రోగ్రామును సవరించి మళ్లీ కంపైల్ చేయవలసి వచ్చేది. తరువాత రాసిన సెండ్‌మెయిల్‌లో ఆల్మన్ ఆ నియమాలను 'సెండ్‌మెయిల్.సీఎఫ్' అనే పాఠ్యఫైలులోకి తరలించారు. 1983లో 4.2 బీఎస్‌డీతో పాటు అది విడుదలైంది.

ఆ ఫైలు భాష దుర్బోధమన్న అపకీర్తిని మూటగట్టుకుంది. పంక్తిలోని మొదటి అక్షరమే ఆ పంక్తి స్వభావాన్ని తెలుపుతుంది: 'ఎస్' నియమావళికి ఆరంభం, 'ఆర్' నియమం, 'డీ' మాక్రో నిర్వచనం. దీన్ని రచయిత విపరీత అభిరుచిగా తోసిపుచ్చడం సరికాదు. సెండ్‌మెయిల్ ప్రారంభమైన ప్రతిసారీ ఈ ఫైలును చదవాలి. ఆనాటి 16 బిట్ల పీడీపీ-11 యంత్రాల్లో మెమరీ స్వల్పం. చదివే మనిషి సౌకర్యం కన్నా చదివే యంత్రం సౌకర్యానికే పెద్దపీట వేయవలసి వచ్చింది. అయినా జాప్యం తీరలేదు. చదివిన ఫలితాన్ని యథాతథంగా దాచిపెట్టే '-బీజెడ్' ఐచ్ఛికాన్ని చేర్చారు. దానితో మరో చిక్కు వచ్చిపడింది: మూలఫైలును సవరించి, దాచిన ప్రతిని తిరిగి తయారుచేయడం మరిస్తే పాత నియమాలే అమలయ్యేవి. (మూలానికీ ప్రతికీ మధ్య ఇటువంటి ఎడం పాఠపరిష్కర్తలకు కొత్త కాదు.)

అంతకన్నా గంభీరమైన ప్రశ్న '-సీ' ఐచ్ఛికానిది. దానితో కమాండ్ లైన్‌లోనే వేరొక కాన్ఫిగరేషన్ ఫైలును సూచించవచ్చు. కాని ఎవరి ఫైలును నమ్మాలి? సెండ్‌మెయిల్ సెట్‌యూఐడీ పద్ధతిలో రూట్ అధికారంతో నడిచేది. సామాన్య వినియోగదారుడు తాను రాసిన ఫైలును అందించి, అందులో తనకు నచ్చిన ప్రోగ్రామును మెయిలర్‌గా పేర్కొంటే ఆ అధికారం అతని చేతికి చిక్కుతుంది. అందుకే '-సీ' ఇచ్చినప్పుడు సెండ్‌మెయిల్ ప్రత్యేకాధికారాన్ని విడిచి, పిలిచినవారి అధికారంతోనే నడిచేలా ఏర్పాటు చేశారు.

తరువాతి కాలంలో అపాచీలోని '-ఎఫ్', ఇంజిన్‌ఎక్స్‌లోని '-సీ' ఇదే పనికి వచ్చాయి. సెండ్‌మెయిల్ నిర్వాహకులు మాత్రం సీఎఫ్ ఫైలును చేత్తో రాయడం క్రమంగా మానుకున్నారు. ఎం4 మాక్రోలలో రాసి, వాటినుంచి సీఎఫ్‌ను ఉత్పత్తి చేయసాగారు.