గుంటూరు, ప్రకాశం మైదానాల్లో హెచ్‌ఐవీ వైద్య సహాయం: చరిత్ర

పత్తి, మిరప పండే పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో హెచ్‌ఐవీ ఉన్నవారి వైద్యం ఖర్చును ప్రభుత్వం చెప్పుకోదగ్గ స్థాయిలో భరించడం 2004 తర్వాతే మొదలైంది. ఉచిత ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే యాంటీ రెట్రోవైరల్ చికిత్స) మందులు, రక్తపరీక్షలు, పింఛను, రేషను, రైలు చార్జీలో రాయితీ అన్నీ ఈ సహాయం కిందికే వస్తాయి. వీటిని ఇచ్చేది ఒకే శాఖ కాదు, అన్నీ ఒకేసారి వచ్చినవీ కావు. ముందు మాత్ర వచ్చింది. ఆ మాత్ర తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు సంగతి ప్రభుత్వానికి చాలా ఆలస్యంగా తట్టింది.

దేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఏర్పడింది. తొలి పదేళ్ళూ నిధులు ప్రచారానికి, రక్తనిధుల భద్రతకు, పరీక్షలకే సరిపోయాయి. జబ్బు ఉందని చెప్పేవారున్నారు, చెప్పాక చేతిలో పెట్టడానికి మందు లేదు. క్షయో, విరేచనాలో వస్తే వాటికి వైద్యం చేసి పంపేవారు. కోస్తా నుంచి చాలామంది రైలెక్కి మద్రాసు దగ్గరి తాంబరం ఛాతీ ఆసుపత్రికి వెళ్ళేవారు. ఊళ్ళో తెలియకుండా ఉండటం కూడా ఆ ప్రయాణానికి ఒక కారణం.

మందు అసలు లేకపోలేదు, కొనలేని ధరలో ఉంది. మూడు మందులు కలిపి వాడే చికిత్స 1996 నాటికే పాశ్చాత్య దేశాల్లో ప్రాణాలు నిలిపింది, కానీ ఏడాదికి 10 వేల డాలర్లకు పైగా అయ్యేది. అమెరికా 1990లో ర్యాన్ వైట్ చట్టం తెచ్చి, బీమా లేనివారి మందుల ఖర్చు తలకెత్తుకుంది. బ్రెజిల్ 1996లో ఉచితంగా ఇస్తామని చట్టమే చేసింది. 2001లో సిప్లా కంపెనీ స్వచ్ఛంద వైద్య సంస్థలకు ఏడాది మందులు 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించాక ధర కూలింది. 2003లో క్లింటన్ ఫౌండేషన్‌తో చౌకధర ఒప్పందం చేసుకున్న కంపెనీల్లో హైదరాబాదుకు చెందిన హెటెరో, మ్యాట్రిక్స్ కూడా ఉన్నాయి. ఆ ఒప్పందం కుదిరేనాటికి సొంత రాష్ట్రంలో సర్కారు దవాఖానాకు వెళ్ళే పేదలకు ఆ మందు ఉచితంగా దొరికేది కాదు.

2004 ఏప్రిల్ 1న కేంద్రం ఉచిత ఏఆర్‌టీని ఢిల్లీలో, హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. తర్వాత గుంటూరు జనరల్ ఆసుపత్రిలో, ఒంగోలులో ఏఆర్‌టీ సెంటర్లు వచ్చాయి. అప్పట్లో పాజిటివ్ అని తేలినవారందరికీ మందు ఇచ్చేవారు కారు. రక్తంలో రోగనిరోధక శక్తికి కొలమానమైన సీడీ4 కణాలు 200 కంటే తగ్గాలి, లేదా జబ్బు బాగా ముదరాలి. అంటే సాయం అందాలంటే ముందు మంచం పట్టాలి. ఈ గీత 350కి, 500కి పెరుగుతూ పోయి, 2017లో పూర్తిగా చెరిగిపోయింది. పాజిటివ్ అని తేలిన వెంటనే మందు మొదలుపెట్టడం అప్పటి నుంచే.

దేశం మొత్తం మీద హెచ్‌ఐవీ ఉన్నవారి లెక్క మారడంలో గుంటూరు జిల్లాకు పెద్ద పాత్ర ఉంది, ఆ సంగతి ఇక్కడివారికే అంతగా తెలియదు. అప్పటివరకూ ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణుల రక్తపరీక్షల ఫలితాల ఆధారంగా జిల్లాలో ఎంతమందికి హెచ్‌ఐవీ ఉందో అంచనా వేసేవారు. 2004-05లో హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి చెందిన లలిత్ దండోనా బృందం గుంటూరు జిల్లాలో ఇంటింటికీ వెళ్ళి 12 వేల మందికి పైగా రక్తనమూనాలు తీసింది. వయోజనుల్లో హెచ్‌ఐవీ 1.72 శాతం అని తేలింది. అధికారిక పద్ధతిలో కడితే అంతకు రెట్టింపుకన్నా ఎక్కువ వస్తోంది. కారణం వెతికితే, ప్రైవేటు ఆసుపత్రుల వాళ్ళు పాజిటివ్ అని తేలిన, అనుమానం ఉన్న గర్భిణులను కాన్పుకు సర్కారు దవాఖానాకు పంపేస్తున్నారు. వాళ్ళందరూ ఒకే చోట పోగుపడటంతో లెక్క ఉబ్బింది. గుంటూరు కొత్తపేటలో నర్సింగ్ హోములు ఎన్ని ఉన్నాయో తెలిసినవారికి ఇందులో వింత కనిపించదు. 2007లో భారత ప్రభుత్వం దేశం మొత్తం అంచనాను 50 లక్షల పైచిలుకు నుంచి 25 లక్షలకు తగ్గించింది. లెక్క తగ్గినంత మాత్రాన గుంటూరులో క్యూ తగ్గలేదు. 1.72 శాతమన్నా నూటికి దాదాపు ఇద్దరు.

మందు ఉచితమే, దాని కోసం వెళ్ళే రోజు ఉచితం కాదు. మాచర్ల నుంచి గుంటూరుకు, గిద్దలూరు నుంచి ఒంగోలుకు దూరం వంద కిలోమీటర్లు దాటుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతల కాలంలో ఒక రోజు పోయిందంటే ఆ రోజు కూలి పోయినట్టే, పైన బస్సు చార్జీ. అప్పట్లో నెలనెలా అదే వరస. దీనికి విరుగుడుగా 2008 నుంచి దేశంలో లింకు ఏఆర్‌టీ సెంటర్లు తెరుస్తూ వచ్చారు. పెద్ద సెంటరులో మొదలుపెట్టిన మందును దగ్గరి ఆసుపత్రిలోనే తీసుకోవచ్చు. అయితే దగ్గరి సెంటరులో వరసలో నిలబడితే ఊరివాళ్ళ కంటబడతామని, దూరమైనా పెద్దాసుపత్రికే వెళ్ళేవారు ఉన్నారు. గోప్యత కోసం పేదవాడు చెల్లించే ఈ చార్జీ ఏ పథకం లెక్కలోకీ రాదు. రైల్వే రాయితీ ఉంది కానీ, పల్నాడులో చాలా ఊళ్ళకు బస్సే దిక్కు.

2007లో వచ్చిన రాష్ట్ర ఆరోగ్య బీమా పథకం ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్లకు ఆసరా అయింది. జాతీయ కార్యక్రమాల కింద ఉన్న జబ్బుల్ని మాత్రం అది ఆ కార్యక్రమాలకే వదిలేసింది. క్షయతోపాటు హెచ్‌ఐవీ కూడా అలా విడిపోయింది. 2009లో కేంద్రం దారిద్ర్యరేఖకు దిగువనున్న హెచ్‌ఐవీ బాధితులకు అంత్యోదయ రేషను కార్డుల్లో ప్రాధాన్యమివ్వాలని చెప్పింది. ఖాళీ కడుపుతో ఈ మాత్రలు వేసుకోవడం ఎంత కష్టమో తెలిసినవారికి ఆ బియ్యం కూడా మందులో భాగమే. మందులు వాడుతున్న పేదలకు రాష్ట్రం ఇచ్చే పింఛను వందల్లో మొదలై, ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతూ, 2024 జూలైలో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయలకు చేరింది. పింఛను పంపిణీ ఇంటి గుమ్మం దగ్గర జరిగే రోజుల్లో, ఫలానావారికి ఎందుకొస్తోందన్న ప్రశ్న వీధిలో పుట్టకుండా చూడటం డబ్బంత ముఖ్యం.

2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం వివక్షను నిషేధించింది. చికిత్స ఇవ్వడాన్ని ప్రభుత్వాల బాధ్యత చేసింది, అయితే ‘సాధ్యమైనంతవరకు’ అన్న మాట తగిలించి. ఆ మాట మీద బాధితుల సంఘాలు అప్పుడే అభ్యంతరం చెప్పాయి. 2022లో డోలుటెగ్రావిర్ వంటి ఏఆర్‌టీ మందుల కొరత వచ్చి, ఢిల్లీలో నాకో కార్యాలయం ముందు రోగులు వారాల తరబడి బైఠాయించినప్పుడు ఆ అభ్యంతరం ఊరకే పుట్టింది కాదని తేలింది.

అదే ఏడాది ఏప్రిల్‌లో పాత జిల్లాలు చీలి పల్నాడు, బాపట్ల కొత్తగా ఏర్పడ్డాయి. ఇక రాష్ట్రం మొత్తం మీద, 2021 అంచనా ప్రకారం 3.2 లక్షల మందికి హెచ్‌ఐవీ ఉంది. మహారాష్ట్ర తర్వాత ఇదే ఎక్కువ. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చాక, నిలకడగా ఉన్న రోగులకు ఒకేసారి మూడు నెలల మందులు ఇవ్వడం పెరిగింది. మిరప కూలీ లెక్కలో అది ఏడాదికి పన్నెండు రోజుల కూలి బదులు నాలుగు రోజుల కూలి.