పల్నాటి కుంపటి: వెచ్చదనము, పొగ

పల్నాడు అనగానే ఎండలు, నాపరాళ్ళు, పౌరుషము జ్ఞప్తికి వచ్చును గాని చలిని ఎవరును తలంచరు. అయినను పుష్యమాసపు తెల్లవారుజామున మాచర్ల, గురజాల పల్లెలలో నిప్పు రాజుకొనని ఇల్లు అరుదుగా ఉండెడిది.

వీధిలో నెగడు, వసారాలో కుంపటి, బాలింత మంచము క్రింద నిప్పుల మూకుడు: ఇవి మన పూర్వుల చలికాలపు ఏర్పాట్లు. నెగడు చుట్టు పెద్దలు బ్రహ్మనాయుని, బాలచంద్రుని కథలు చెప్పుకొనుచుండగా పిల్లలము కందికట్టె ఎగదోయుచు వినెడివారము. నిప్పు మనుష్యులను దగ్గరకు చేర్చును. అయితే నిజము చెప్పవలెను: ఊరి నెగడు వేరు, పేట నెగడు వేరు. ఆ మంట కూడ ఆ దూరమును కరిగింపలేకపోయెను.

ఆ కట్టెల వెనుక ఒక చరిత్ర గలదు. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిమ్మట అడవి సర్కారు వశమయ్యెను. పశువుల మేతకు పుల్లరి చెల్లింపవలసివచ్చెను. వంటచెరకు తెచ్చుకొనుటకును ఆంక్షలు కలిగెను. 1921లో పల్నాటి రైతులు పుల్లరి నిరాకరించిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలియయ్యెను. పొయ్యిలోని కట్టెయు పశువు మేసిన గడ్డియు రాజకీయమైన దినములవి.

1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదలిన తరువాత కుడికాలువ క్రింద పత్తి, మిరప పెరిగినవి. పొయ్యిలోనికి వాటి కట్టెయే వచ్చెను. త్వరగా అంటుకొనును, త్వరగా ఆరిపోవును, పొగ మెండు. మా అమ్మ ఊదుగొట్టము పట్టుకొని ఎఱ్ఱనైన కన్నులను కొంగుతో తుడుచుకొనుట నేనింకను మరువలేదు. పూరిండ్లకు నిప్పురవ్వ భయము ఎప్పుడును ఉండెడిది. తలుపులన్నియు మూసి కుంపటి పెట్టుకొని నిద్రించుట మరింత ప్రమాదము. బొగ్గులనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. బాలింత గదిలో కిటికీ కొంచెము తెరచియుంచుట అందుకే అవసరము. 2020లో ఇండ్లలోని పొగవలన లోకమంతట సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

1999లో మన రాష్ట్రమున దీపం పథకము, 2016లో ఉజ్జ్వల పథకము పేద స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినవి. అయినను సిలిండరు ధర భారమైన ఇండ్లలో కట్టెల పొయ్యి నేటికిని వెలుగుచునే యున్నది.

యెహోయాకీము రాజు శీతకాలపు నగరులో కుంపటి ముందర కూర్చుండెనని యిర్మీయా గ్రంథము తెలుపుచున్నది. ఆ కుంపటి రాజేసినవారెవరో అందు లేదు. మన ఇండ్ల చరిత్రయు అట్టిదే. వెచ్చదనము అందరమును అనుభవించితిమి. పొగ మాత్రము మన తల్లులు మ్రింగిరి. నూరేండ్ల జ్ఞాపకములు వ్రాసికొను ఈ వేళ వారిని కూడ తలంచుకొనుట న్యాయము.