రంగము పోయినవారి బ్రతుకు

శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పెద్దలకు రంగమను మాటను నేను విప్పి చెప్పనక్కరలేదు. రంగమనగా రంగూను పట్టణము. ఆ పట్టణము పేరనే మనవారు బర్మా దేశమంతటిని పిలిచిరి. “వాడు రంగము పోయినాడు” అన్నచో, ఆ యింటి అప్పు తీరబోవుచున్నదనియు, ఆ యింటి ఇల్లాలు ఒంటరియైనదనియు రెండర్థములును ఒక్కసారే తోచెడివి. మా తాతగారు అట్లు పోయినవారిలో నొకరు. ఆయన నోట విన్నదియు, చరిత్ర గ్రంథములలో చదివినదియు కలిపి నేడు మీకు మనవి చేయుచున్నాను.

బర్మాలో మనవారిని కోరంగీలనిరి. గోదావరి ముఖద్వారమున, కాకినాడకు చేరువనున్న కోరంగి రేవున ఓడలెక్కి వచ్చినవారగుటచే ఆ పేరు కలిగెను. 1839 నాటి ఉప్పెనలో ఆ రేవు నాశనమయ్యెను. పేరు మాత్రము సముద్రమున కావల నిలిచెను. ఆంగ్లేయులు 1852లో దిగువ బర్మాను, 1885 నాటి యుద్ధముతో మిగిలిన దేశమును వశపరచుకొనిరి. 1869లో సూయజు కాలువ తెరచిన పిమ్మట ఐరావతీ నదీముఖభూముల బియ్యమునకు ఐరోపాలో గిరాకి హెచ్చెను. అడవులు కొట్టి పొలములు చేసినవారు బర్మా రైతులు. ఆ ధాన్యమును మరలలో ఆడించుటకును, బస్తాలు మోసి ఓడల కెక్కించుటకును చేతులు కావలసి వచ్చెను. ఆ చేతులు చాలవరకు తెలుగువారివి. రిక్షాలు లాగినవారిలోను, పాకీపని చేసినవారిలోను పెక్కురు మనవారే. 1931 జనాభా లెక్కలనాటికి రంగూనులో సుమారు నాలుగు లక్షల జనముండగా, అందు సగమునకు మించి భారతీయులే. తమ రాజధానిలో తామే తక్కువవారైరి బర్మీయులు. ఈ సంగతి కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

అచటి సుఖములను గూర్చి అడిగినప్పుడు తాతగారు మొదట చెప్పునది అన్నమే. ఇంటివద్ద చోడి అంబలి, పండుగనాడు వరియన్నము. అచట ప్రతిదినమును వరియన్నము. ఆ తరువాత చెప్పునది కుళాయి. “మన ఊరి నూతియొద్దకు రానీయని వాడు అచట కుళాయియొద్ద నాకు ముందు నిలుచుండెడివాడు. మొదట నాకు కష్టముగా నుండెను. ఆరు నెలలకు మరచితిని” అనెడివారు. “మరి తిరిగి వచ్చిన తరువాతనో?” అని నేను చిన్నతనమున అడిగితిని. ఆయన బదులు చెప్పక చుట్ట ముట్టించుకొనిరి.

చుట్ట యన్నంతనే మరియొకటి జ్ఞాపకము వచ్చుచున్నది. బర్మా స్త్రీలు అంగళ్లలో కూర్చుండి, వేలెడు లావు చుట్టలు కాల్చుచు, వర్తకము తామే నడపెడివారట. ఆస్తియందు వారికి హక్కు కలదు. మగవానికి జంకుట లేదు. ఇది విని మా నాయనమ్మ ఏమియు ఆశ్చర్యపడలేదు. అడ్డపొగ పీల్చు మన తీరపు స్త్రీలకు చుట్ట వింత కాదు గదా! దుకాణపు డబ్బు ఆడుదాని కొంగున నుండుట మాత్రము ఆమెకు నచ్చెను. దానిని గూర్చి పలుమారు అడిగెడిది.

బర్మీయులు ఎదురుపడినచో “థమిన్ సా పీబీలా” అందురు. అన్నము తింటివా యని అర్థము. మనము “భోజనమైనదా” యనునట్లే. ఈ ఒక్క మాటతో తాతగారు వీథులన్నియు తిరిగితినని నవ్వెడివారు. కాని మనవారిలో అనేకులు ఆ మాటయైనను నేర్వక, పదియేండ్లు గడిపియు, కూలిగది, మర, రేవు తప్ప ఎరుగక తిరిగివచ్చిరి.

కష్టములు తక్కువవి కావు. ముందుగా మేస్త్రీ. దారిఖర్చునకు బయానా యిచ్చి తీసికొనిపోవువాడును, కూలిలో కోత వేయువాడును అతడే. ఒక గదిలో మనుష్యుల ప్రక్క మనుష్యులు పండుకొనుట, ఒకడు పనికి పోగా అతని చాపపై మరియొకడు వాలుట సామాన్యము. వానకాలమున సుమారు నూరంగుళముల వర్షము. తాతగారి తల్లి పోయిన సంగతి ఉత్తరము మూలముగా ఆయనకు తెలియునప్పటికి ఇచట పెద్దదినము కూడ జరిగిపోయెను. ఆ ఉత్తరమును బట్టలకుదువ వర్తకుని చేత చదివించుకొంటినని చెప్పుచు ఆయన ప్రతిసారియు అచట ఆగెడివారు.

1930 మే నెలలో రేవుకూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె కట్టిరి. వారు తెలుగువారు. ఓడల పనికి బర్మీయులను తెచ్చిరి. సమ్మె ముగియగనే వారిని పొమ్మనిరి. ఆ మీదట చెలరేగిన కొట్లాటలలో నూరుమందికి పైగా మరణించిరి. చచ్చినవారిలో హెచ్చుమంది మనవారే. బర్మీయులది అసూయ యని మన ఊళ్లలో చెప్పుకొనుట కలదు. నేనంత తేలికగా ఒప్పుకొనలేను. మనవారు తక్కువ కూలికి ఒడంబడుటచే వారికి పని దొరకదయ్యెను. ఆ తక్కువ కూలియైనను మనవారికి తమ ఊళ్లలో దొరకలేదు. ఆపైన ధాన్యపు ధర పడిపోగా బర్మా రైతుల భూములు అనేకము తమిళ చెట్టియార్ల చేతికి పోయెను. కోపము వడ్డీ లెక్కయందు పుట్టి, బస్తా మోయువాని వీపున పడెను. 1938లో మరల అల్లర్లు జరిగెను.

నడుమ ఒక విచిత్రము. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మాను భారతదేశమునుండి వేరుచేసిరి. ముందుదినము రాత్రి స్వదేశమున పండుకొన్న కూలివాడు మరునాడు విదేశమున మేల్కొనెను. అతని చాప మాత్రము కదలలేదు.

1941 డిసెంబరు 23న జపానువారి విమానములు రంగూనుపై బాంబులు వేసెను. ఓడలలో చోటు డబ్బున్నవారికి దొరకెను. తక్కినవారు నడచిరి. లక్షల కొలది జనము బయలుదేరి, వేలకొలది దారిలో రాలిపోయిరి. తాతగారును, ఆయన తమ్ముడును ప్రోము పట్టణమునుండి అరకాను కొండలమీదుగా తాంగుపు తీరమునకు పోవు బాట పట్టిరి. ఆ బాటలో నీరు లేదు. ఉన్నచోట కలరా యుండెను. తమ్ముడు రెండవ దినమున నీటికై జనములో పోయి తిరిగి రాలేదు. తాతగారు ఒక రాత్రియంతయు అచట కూర్చుండి, తెల్లవారి జనముతో కదలిరి.

1964లో బర్మా ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసిన పిదప, అచట మిగిలిన భారతీయులు ఓడలలో రాజొచ్చిరి. విశాఖపట్టణములో వారు దిగిన చోటునకు బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది. నేనప్పుడు ఎనిమిదేండ్లవాడను. తాతగారు నన్ను వెంటబెట్టుకొని రైలులో అచటికి పోయిరి. గుడిసె గుడిసెయొద్దను నిలిచి తమ్ముని పేరు చెప్పి, తాంగుపు బాట చెప్పి అడిగిరి. ఒక ముసలమ్మ చుట్ట కాల్చుచు కూర్చుండియుండెను. తాతగారు ఆమెతో “థమిన్ సా పీబీలా” అనిరి. ఆమె చుట్ట తీసి, నవ్వి, మాకిద్దరికి చాప వేసెను. వారు చాలసేపు ఆ భాషలోనే మాటలాడుకొనిరి. నాకొక్క ముక్కయు తెలియలేదు. తుదకు ఆమె తల అడ్డముగా ఆడించెను. మేము సాయంకాలపు బండికి తిరిగి వచ్చితిమి.