కిరాయి
దోమ, పరిగి వైపు నుంచి చదువుకో కొలువుకో హైదరాబాద్ వచ్చే పిల్లలు మెహదీపట్నంలో బస్సు దిగి, గల్లీల్లో టులెట్ బోర్డులు చూసుకుంటూ 'సింగిల్ రూము కిరాయికి ఉన్నదా?' అని అడుగుతారు. వాళ్ల ఈ 'కిరాయి' మాట మాత్రం పత్రికల్లో ఎక్కువగా 'కిరాయి హంతకులు', 'కిరాయి మూకలు' అన్నచోటే కనిపిస్తుంది. ఇంటి దగ్గరికొచ్చేసరికి 'అద్దె' అయిపోతుంది. ఇది అన్యాయం. అరబ్బీలో 'కిరా' అంటే పశువునో పొలాన్నో సొమ్ము తీసుకుని వాడుకోనివ్వడం. కంచరగాడిదలను అలా తిప్పేవాడు 'ముకారి'. పారసీలో 'కిరాయా' అయి, ఉర్దూ మీదుగా నిజాం రాజ్యపు ఊళ్లకు చేరింది. డబ్బుకు అమ్ముడుపోయే మనిషిని ఉర్దూలో 'కిరాయే కా టట్టూ' అంటారు, కిరాయి పొట్టి గుర్రం అని. పత్రికలు పట్టుకున్నది ఈ ఒక్క కొమ్మనే. మా వైపు ట్రాక్టరుకు కిరాయే, పెళ్లి టెంటుకు కిరాయే, బస్సులో 'పరిగికి కిరాయెంత?' అంటే టికెట్టు ధర. 'బస్సు అద్దె' అంటే బస్సంతా మాట్లాడుకున్నట్టే కదా! ఇంట్లో దిగినవాడు కిరాయిదారు. తాండూరు దాటి కన్నడ సీమకు పోతే 'బాడిగె', రాయలసీమలో 'బాడుగ'. ఈ రెండూ సంస్కృత 'భాటకం' బిడ్డలు, హిందీ 'భాడా'కు తోబుట్టువులు.