గుమ్మిడి సంధ్యారాణి

గుమ్మిడి సంధ్యారాణి ఉత్తరాంధ్ర మన్యానికి చెందిన గిరిజన నాయకురాలు, ఆంధ్రప్రదేశ్ శాసనమండలి మాజీ సభ్యురాలు. తెలుగుదేశం పార్టీ తరఫున 2015 నుంచి 2021 వరకు ఎగువసభలో ఉన్నారు. 2024లో సాలూరు నుంచి శాసనసభకు ఎన్నికై రాష్ట్ర మహిళా, శిశు సంక్షేమం, గిరిజన సంక్షేమ శాఖల మంత్రిగా బాధ్యతలు చేపట్టారు. ప్రత్యక్ష ఎన్నికల్లో ఓడిన గిరిజన మహిళకు ఎగువసభ ఎంత ఊతమివ్వగలదో చెప్పడానికి ఆమె రాజకీయ జీవితం మంచి ఉదాహరణ.

నేపథ్యం

సంధ్యారాణి రాజకీయ కుటుంబం నుంచి వచ్చారు. ఆమె తండ్రి జన్ని ముత్యాలు మాజీ ఎమ్మెల్యే. ఆమె కార్యక్షేత్రమైన సాలూరు షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు అయిన నియోజకవర్గం. సాలూరు, పాచిపెంట, మక్కువ, మెంటాడ మండలాలు దాని పరిధిలోకి వస్తాయి. ఒడిశా సరిహద్దు కొండల నుంచి మైదానం దాకా పరచుకున్న ఈ ప్రాంతంలో కొండదొర, జాతాపు, గదబ తదితర తెగలవారు నివసిస్తారు.

ఎన్నికల్లో తొలి పోరాటాలు

2009 శాసనసభ ఎన్నికల్లో ఆమె తెలుగుదేశం అభ్యర్థిగా సాలూరులో పోటీ చేసి, కాంగ్రెస్ అభ్యర్థి పీడిక రాజన్నదొర చేతిలో స్వల్ప తేడాతో ఓడిపోయారు.

2014లో పార్టీ ఆమెను అరకు లోక్‌సభ స్థానంలో నిలిపింది. నియోజకవర్గాల పునర్విభజనతో ఏర్పడి, 2009లో తొలి ఎన్నిక జరుపుకున్న ఈ స్థానంలో పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకు లోయ, పాడేరు, రంపచోడవరం సెగ్మెంట్లున్నాయి. శ్రీకాకుళం ఏజెన్సీ నుంచి గోదావరి ఏజెన్సీ వరకు తూర్పు కనుమల వెంట సాగే ఈ నియోజకవర్గంలో ప్రచారం అభ్యర్థులకు కఠిన పరీక్ష. అప్పటి కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి కిశోర్ చంద్రదేవ్ కూడా బరిలో ఉన్నారు. అయినా మొదటి రెండు స్థానాలూ మహిళలకే దక్కాయి. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి కొత్తపల్లి గీత 91,398 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. సంధ్యారాణి రెండో స్థానంలో నిలిచారు. ఆ తర్వాత 2019లో గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మా తనూజారాణి అరకు నుంచి గెలిచారు. ఇలా వరసగా మూడు ఎన్నికల్లో ఈ స్థానం మహిళలనే లోక్‌సభకు పంపింది.

శాసనమండలిలో (2015–2021)

లోక్‌సభకు ఓడిన మరుసటి ఏడాది, 2015 మార్చిలో, ఎమ్మెల్యేల కోటాలో సంధ్యారాణి శాసనమండలికి ఎన్నికయ్యారు. మండలిలోని 58 స్థానాల్లో 20 ఎమ్మెల్యేల కోటావి, మరో 20 స్థానిక సంస్థలవి. పట్టభద్రులు అయిదుగురిని, ఉపాధ్యాయులు అయిదుగురిని ఎన్నుకుంటారు, ఎనిమిది మందిని గవర్నర్ నామినేట్ చేస్తారు. సభ్యుల పదవీకాలం ఆరేళ్లు.

శాసనసభలో షెడ్యూల్డ్ తెగలకు స్థానాలు రిజర్వు చేసిన రాజ్యాంగం, మండలిలో ఆ ఏర్పాటు చేయలేదు. కాబట్టి అక్కడ గిరిజన మహిళ అడుగుపెట్టడం చాలావరకు పార్టీ నిర్ణయం మీదే ఆధారపడుతుంది. సంధ్యారాణి సభ్యత్వానికి విలువ తెచ్చింది ఈ వాస్తవమే.

ఆమె పదవీకాలంలోనే మండలి ఉనికికి ముప్పు వచ్చింది. రాష్ట్రానికి మూడు రాజధానులు ఏర్పాటు చేసే బిల్లులను 2020 జనవరి 22న మండలి ఛైర్మన్ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. బిల్లులు అలా ఆగడంతో అయిదు రోజుల తర్వాత, జనవరి 27న, మండలిని రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. 1985లో ఒకసారి రద్దయి 2007లో తిరిగి ఏర్పడిన సభకు ఇది రెండో గండం. పార్లమెంటు ఆ తీర్మానానికి చట్టరూపం ఇవ్వలేదు. 2021 నవంబరులో శాసనసభే దాన్ని వెనక్కి తీసుకుంది. అప్పటికే, ఆ ఏడాది మార్చిలో, సంధ్యారాణి పదవీకాలం పూర్తయింది. ఆమె తెలుగుదేశం పొలిట్‌బ్యూరో సభ్యురాలిగానూ పనిచేశారు.

సాలూరు విజయం, మంత్రి పదవి

2024 ఎన్నికల్లో ఆమె మళ్లీ సాలూరుకు వచ్చారు. ప్రత్యర్థి పాతవారే. కాంగ్రెస్ నుంచి వైఎస్సార్ కాంగ్రెస్‌లోకి వెళ్లిన రాజన్నదొర 2009, 2014, 2019 ఎన్నికల్లో వరసగా గెలిచి, 2022 ఏప్రిల్ నుంచి ఉప ముఖ్యమంత్రిగా గిరిజన సంక్షేమ శాఖ చూశారు. ఆయనపై సంధ్యారాణి 13,733 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. జూన్ 12న మంత్రిగా ప్రమాణం చేసి, ఆయన చూసిన గిరిజన సంక్షేమ శాఖనే అందుకున్నారు. ఆ రోజు చంద్రబాబు నాయుడు మంత్రివర్గంలో చేరిన ముగ్గురు మహిళల్లో ఆమె ఒకరు. మిగిలిన ఇద్దరు వంగలపూడి అనిత, ఎస్. సవిత.

అంతకుముందు, 2019 నుంచి 2022 వరకు, కురుపాం ఎమ్మెల్యే పాముల పుష్పశ్రీవాణి ఉప ముఖ్యమంత్రిగా ఇదే శాఖను నిర్వహించారు. వరసగా ముగ్గురు గిరిజన సంక్షేమ మంత్రులు నేటి పార్వతీపురం మన్యం జిల్లా ప్రాంతం నుంచే వచ్చారు.

సీతంపేట మన్యంతో సంబంధం

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో సీతంపేట, పార్వతీపురం అనే రెండు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు, అంటే ఐటీడీఏలు, ఉన్నాయి. సంధ్యారాణికి సీతంపేటతో సంబంధం రెండు విధాలుగా ఏర్పడింది. సీతంపేట మండలం పాలకొండ సెగ్మెంటులో ఉండటంతో 2014లో ఆమె అక్కడి ఓటర్లకు లోక్‌సభ అభ్యర్థి. పదేళ్ల తర్వాత ఆ ఐటీడీఏను పర్యవేక్షించే శాఖకు మంత్రి అయ్యారు.

సవరలు, జాతాపులు నివసించే సీతంపేట కొండల్లో జీడిమామిడి, అనాస, పసుపు, చింతపండు ప్రధాన ఆదాయ వనరులు. ఇక్కడ చాలా గిరిజన గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతం వెలుపల మిగిలిపోయాయి. ఆ హోదాతో వచ్చే భూరక్షణలు వాటికి అందవు. వాటిని షెడ్యూల్డ్ ప్రాంతంలో చేర్చాలన్నది పాత డిమాండు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. అదే స్థాయి రక్షణ తిరిగి కల్పించాలని గిరిజన సంఘాలు కోరుతున్నాయి. రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకురావలసిన దుస్థితి మరో సమస్య. గిరిజన సంక్షేమం, మహిళా, శిశు సంక్షేమం రెండూ ఒకే మంత్రి చేతిలో ఉన్నందున తల్లీబిడ్డల విషయంలో ఆమె బాధ్యత మరింత పెద్దది.

ప్రాధాన్యం

2009లో, 2014లో ప్రజాతీర్పు ప్రతికూలంగా వచ్చినా సంధ్యారాణికి చట్టసభ తలుపులు మూసుకుపోలేదు. మండలి ఆమెకు ఆరేళ్ల అనుభవాన్ని, గుర్తింపును ఇచ్చింది. 2024లో ప్రజలు నేరుగా ఇచ్చిన గెలుపు ఆ అనుభవానికి తోడైంది. అయితే ఈ అవకాశం అందరికీ తెరిచి లేదు. 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణ లోక్‌సభలోనూ శాసనసభల్లోనూ మహిళలకు మూడో వంతు స్థానాలు కేటాయించింది. ఎస్టీ స్థానాల్లోనూ ఆ వాటా వర్తిస్తుంది. రాజ్యసభ, శాసనమండళ్లు మాత్రం ఆ చట్టం పరిధిలోకి రాలేదు. చట్టం చేయని మేలు పార్టీలు చేయాలి. ప్రతి ఆరేళ్లకు ఒక గిరిజన మహిళనైనా మండలికి పంపడం ఏ పార్టీకీ భారం కాదు, మన్యానికి న్యాయం.