కొల్లేటిని చూసిన కళ్ళు

యాత్ర, ఛాయాచిత్రం, పుస్తక పఠనం - ఈ మూడూ ఎవరి తృప్తికోసం వారు పెంచుకునే అభిరుచులనీ, వాటికి సమాజంతో ప్రమేయం లేదనీ మనలో చాలామంది అభిప్రాయం. ఇది సరైన అభిప్రాయం కాదు. ఎవరు చూశారు, ఎక్కడ నిలబడి చూశారు, చూసినదానిలో దేనిని వదిలేశారు అనే ప్రశ్నలు వేసుకుంటే చూపు కూడా సామాజికమైనదేనని తేలుతుంది. దీన్ని నిరూపించడానికి దూరం పోనక్కరలేదు. ఏలూరు పక్కనున్న కొల్లేరు చాలు.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైనవి తెచ్చే నీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదులుతుంది. దీనిమీద మనకు మిగిలిన పాత చూపుల్లో ఒకటి ప్రభువును కీర్తించే కవిది. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి, రెండవ పులకేశి విజయాలను వర్ణిస్తూ, హతులైన వారి నెత్తుటితో కునాళ జలం ఎర్రబడిందన్నాడు. ఆ కునాళం కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. రవికీర్తి సామాన్యుడు కాడు. తన కీర్తిని కాళిదాస భారవుల కీర్తితో పోల్చుకున్నవాడు. అయినా సరస్సు ఆయనకు రాజు ప్రతాపానికి రంగుగానే పనికొచ్చింది. ఆ నెత్తురు ఎవరిదో, ఆ నీటిమీద బతికేవారు ఏమయ్యారో ఆ శ్లోకానికి అక్కరలేదు.

రాజుల దండయాత్రకు భిన్నమైనది గృహస్థుని యాత్ర. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్ళివస్తూ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసిన సంగతులే 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయ్యాయి. ఫోటో తీసే పద్ధతి పారిస్‌లో లోకానికి వెల్లడి అయింది ఆ మరుసటి ఏడు, 1839లో. కెమెరా లేని ఆ రోజుల్లో ఆయన క్షేత్రమాహాత్మ్యాలతో ఆగకుండా దారులు, నదులు, బసలు, బజార్లలో దొరికే సరుకులు రాసిపెట్టాడు. తెలుగు యాత్రికుడి దృష్టి నేలమీదికి దిగింది. అయితే ఆ ప్రయాణం పల్లకీలో, బోయీల భుజాలమీద సాగిందన్న సంగతి కూడా మనం మరచిపోరాదు.

ఇక మళ్ళీ కొల్లేటికి వద్దాం. 1946లో ఈ ప్రాంతపు ఆరేడు గ్రామంలో గూడబాతుల కాలనీని కె.కె. నీలకంఠన్ వెలుగులోకి తెచ్చాడు. సుమారు మూడువేల పక్షులు అక్కడ గూళ్ళు కట్టుకున్నాయి. నీలకంఠన్ వృత్తిరీత్యా ఇంగ్లీషు అధ్యాపకుడు. 'ఇందుచూడన్' అనే పేరుతో మలయాళంలో పక్షులమీద పుస్తకాలు రాసిన రచయిత. తిరగడం, చూడడం, చదవడం, రాయడం ఆయనలో ఒకటైపోయాయి. సుమారు 1975 నాటికి ఆ గూళ్ళు అక్కడ లేకుండా పోయాయి. అవి ఒకప్పుడు ఉన్నాయనడానికి ఆయన రాత సాక్ష్యంగా నిలిచింది. వ్యక్తిగతమైన అభిరుచి చరిత్రకు ఆధారం కావడమంటే ఇదే.

ఆ తర్వాత కొల్లేరే మారిపోయింది. 1976లో సహకార సంఘాల పేరుతో చేపల చెరువుల తవ్వకం మొదలయింది. పేదల పేరున వచ్చిన చెరువులు కౌళ్ళ ద్వారా పెట్టుబడిదారుల చేతుల్లోకి వెళ్ళాయి. 1999లో అయిదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చెరువుగట్లు తెగగొట్టారు. పెట్టుబడికి మరోచోటు దొరుకుతుంది. లంకల్లో వల పట్టుకు బతికే వడ్డివారికి దొరకదు. పక్షి కావాలా, మనిషి కావాలా అని అడిగేవారు సరస్సును మింగిన లాభాపేక్షను ఆ ప్రశ్నచాటున దాచిపెడుతున్నారు.

ఆమధ్య తాడేపల్లిగూడెం నుంచి మా పదోతరగతి పిల్లలను ఆటపాక తీసుకెళ్ళాను. అక్కడ నీళ్ళలో నిలిపిన ఇనప స్టాండ్లమీద గూడబాతులు గూళ్ళు పెడతాయి. పిల్లలు ఫోన్లతో ఎన్నో ఫోటోలు తీశారు. అన్నీ అందంగానే ఉన్నాయి. మరుసటి వారం అక్కినేని కుటుంబరావు నవల 'కొల్లేటి జాడలు'లో కొన్ని పుటలు క్లాసులో చదివించాను. కొల్లేటి పల్లె బతుకును లోపలినుంచి చూసిన రచన అది. చదువు అయ్యాక ఒక అమ్మాయి తన ఫోటోలు మళ్ళీ తిరగేసి, "మాస్టారూ, పడవ నడిపినాయన ఒక్కదాంట్లోనూ పడలేదండీ. ఇందులో చెయ్యి మాత్రం పడింది" అంది.

పుస్తకం చదవకముందు ఆ చెయ్యి ఆ పిల్ల కంటికి ఆనలేదు. సరస్సుకు వెళ్ళకపోతే పుస్తకం ఉత్త కాగితంగా మిగిలేది. కాబట్టి యువరచయితలు కెమెరా వదిలేయాలని నేననను. తిరగండి, ఫోటోలు తీయండి. కాని వెళ్ళేముందు ఆ నేల చరిత్ర చదవండి. తిరిగొచ్చాక మీ బొమ్మల్లో ఎవరు పడలేదో లెక్క చూసుకోండి. మీ తర్వాతి రచనకు వస్తువు అక్కడే ఉంది.